పోస్టు ఒకరిది, కేసు ఇంకొకరి మీదా?

ఎవరిని కదిలించినా ఇప్పుడు ఒకటే మాట. ఫోన్లలో అబద్ధాలు, బూతులు, కులం పేరిట మతం పేరిట రెచ్చగొట్టే రాతలు మితిమీరాయి, వాటిని మోస్తున్న సైట్ల మీదా యాప్‌ల మీదా గ్రూపు అడ్మిన్ల మీదా కేసులు పెట్టి లోపలేస్తే గానీ దారికి రారు అని. టీవీ చర్చలో ఎదురెదురుగా కూర్చుని గొంతులు చించుకునే రెండు పార్టీల వాళ్లూ ఈ ఒక్క విషయంలో కలిసి తలూపుతారు. ఢిల్లీలోనూ ఇదే గాలి వీస్తోంది. 2023 మార్చిలో అప్పటి ఐటీ శాఖ సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ కొత్త డిజిటల్ చట్టం మీద బెంగళూరులో చర్చ పెట్టి, ఇతరుల రాతలను మోసే సంస్థలకు అసలు రక్షణ ఎందుకుండాలని అడిగారు. 2024 నవంబరులో జాతీయ పత్రికా దినోత్సవం నాడు కేంద్ర సమాచార మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆ రక్షణను తిరగదోడాలన్నారు. ఈ వాదనకు జనంలో ఇంత బలం ఉండడానికి కారణం ఉంది. ఫొటో మార్ఫింగ్ చేసి పెట్టారని ఏడ్చే అమ్మాయి, పుకారు నమ్మిన మూక చేతిలో చచ్చిన బాటసారి, ఇవి కల్పితాలు కావు. అయినా ఈ వాదన తప్పు. దీన్ని అమలు చేస్తే గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో తగిలే దెబ్బ పైపైనే ఉంటుంది. గట్టి దెబ్బ తగిలేది టేకులపల్లి లాంటి అడవి అంచు మండలంలో, తన ఊరి గోడు బయటికి చెప్పుకోవడానికి చేతిలో ఫోను తప్ప ఇంకేమీ లేని మనిషికి.

ముందు చట్టం సంగతి. సైట్లకు ఇప్పుడు అడ్డూ అదుపూ లేని మినహాయింపు ఉందని చాలామంది అనుకుంటున్నారు. లేదు. 2004లో బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల సైటులో ఒక వినియోగదారుడు అశ్లీల వీడియోను అమ్మకానికి పెడితే ఆ సైటు అధిపతి అవనీశ్ బజాజ్‌ను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. ఎవడో అమ్మిన సరుకుకు వేదిక నడిపేవాణ్ని లోపలేస్తే దేశంలో ఈ వ్యాపారం సాగదన్న చర్చ అక్కణ్నుంచి మొదలై, 2008లో సమాచార సాంకేతిక చట్టానికి సవరణగా తేలింది. అది 2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టంలోని 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ షరతులతో కూడినది. రాసింది తాను కాకూడదు, ఎవరికి చేరాలో తాను ఎంచకూడదు, అందులో మార్పులు చేయకూడదు, తగిన జాగ్రత్త పాటించాలి. అక్రమమని తెలిశాక కూడా తీయకపోతే రక్షణ ఊడిపోతుంది. తెలియడమంటే ఏమిటన్న తకరారును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో తేల్చింది. ఊరూపేరూ లేనివాడు పంపిన ఫిర్యాదు చాలదు, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ నోటిఫికేషనో రావాలంది. లక్షల ఫిర్యాదులు వచ్చిపడే చోట ఏది న్యాయమైనదో ఏది కాదో తేల్చే పని ప్రైవేటు కంపెనీకి అప్పగించడం కుదరదన్నది ఆ తీర్పు వెనకున్న ఆలోచన. ఇప్పుడు తిరగదోడుదామంటున్నది దీన్నే.

తిరగదోడితే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు. ఆ రక్షణ లేనప్పుడు ఎలా ఉండేదో చూపించిన కేసు మన హైదరాబాదు నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆస్బెస్టాస్‌ను నిషేధించాలని ప్రచారం చేసే కార్యకర్త గోపాలకృష్ణ 2008 జూలైలోనూ నవంబరులోనూ గూగుల్ గ్రూప్స్‌లో కొన్ని వ్యాసాలు పెట్టారు. సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్ పేరు అందులో ఉంది, రాజకీయ నాయకుల పేర్లూ ఉన్నాయి. తమను కావాలని వేలెత్తి చూపి పరువు తీశారని కంపెనీ సికింద్రాబాదు మేజిస్ట్రేటు కోర్టులో క్రిమినల్ ఫిర్యాదు వేసింది. రాసినాయనతో పాటు గూగుల్ ఇండియాను కూడా నిందితుల జాబితాలో చేర్చింది. 2009లో కేసు నంబరు పడింది. తన మీద కేసు కొట్టేయాలని గూగుల్ వేసిన పిటిషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011 ఏప్రిల్ 19న తోసిపుచ్చింది. సుప్రీంకోర్టులో అది 2019 డిసెంబరు 10 దాకా నలిగింది. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్‌ల ధర్మాసనం తేల్చిందేమిటంటే, పోస్టులు పెట్టేనాటికి పాత 79వ సెక్షనే అమల్లో ఉంది, ఆ పాత సెక్షన్ ఐటీ చట్టం కింది నేరాలకే తప్ప శిక్షాస్మృతిలోని పరువునష్టానికి రక్షణ ఇవ్వదు, ఆ గ్రూపులను నడిపేది భారత కంపెనీయా అమెరికా కంపెనీయా అన్నది విచారణలో చూసుకోండి అని. అంటే పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి సాధించింది విచారణ జరగనివ్వండన్న మాట ఒక్కటే.

పెద్ద విదేశీ కంపెనీ మెడలు వంచిన తీర్పుగా దీన్ని చాలామంది మెచ్చుకున్నారు. నాకు అందులో వేరే సంగతి కనిపిస్తోంది. ఫిర్యాదుదారు రోడ్డున పడ్డ బాధితుడు కాదు, షేరుమార్కెట్లో నమోదైన పరిశ్రమ. రాసింది దేని గురించి? ఇంటి కప్పు గురించి. టేకులపల్లి చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో గడ్డికప్పు పోయిన చోట వచ్చింది ఈ సిమెంటు రేకే. ఆస్బెస్టాస్ ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. సిమెంటులో కలిసిపోయిన నార గాలిలోకి లేవదు, రేకుల కింద బతికేవాళ్లకు ప్రమాదం లేదని మన పరిశ్రమ వాదిస్తోంది. దాన్ని తవ్వే, కోసే కార్మికుల ఊపిరితిత్తుల సంగతి మీద 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గోపాలకృష్ణ రాసిన ప్రతి వాక్యం నిజమేనని నేను సాక్ష్యం పలకడం లేదు. కంపెనీకి పరువునష్టం దావా వేసే హక్కు లేదనీ అనడం లేదు. రాసినాయన పేరు దాచుకోలేదు కదా, ఆయన మీద వేస్తే తప్పో ఒప్పో తేలుతుంది. వేదికను కూడా నిందితుల్లో కలిపితే జరిగేది ఇంకోటి. గూగుల్ కాబట్టి సీనియర్ లాయర్లను పెట్టి పదేళ్లు లాగింది. అదే వేదిక ఒక చిన్న తెలుగు సైటో, జిల్లా వార్తలు పెట్టే యాప్ నడిపే ఇద్దరు కుర్రాళ్లో అయితే మొదటి లాయర్ నోటీసు అందిన సాయంత్రమే ఆ వ్యాసం మాయమయ్యేది. రేకులు మంచివా చెడ్డవా అన్న చర్చ కోర్టు గుమ్మం కూడా తొక్కేది కాదు.

ఇది అనుమానం మాత్రమే కాదు, పరీక్షించి చూసిన విషయం. 2011లో కేంద్రం కొత్త నియమాలు తెచ్చి, ఫిర్యాదు వస్తే 36 గంటల్లో స్పందించాలని సైట్లకు చెప్పింది. అప్పుడు బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక పరిశోధకుడు ఏడు సంస్థలకు కావాలనే లోపాలున్న ఫిర్యాదులు పంపించాడు. ఆరు సంస్థలు అవసరానికి మించి లొంగిపోయాయి. ఎందుకు లొంగవు? ఉంచితే జైలు భయం, తీసేస్తే ఏ భయమూ లేదు. పోస్టు ఉండడం వల్ల ఆ కంపెనీకి వచ్చే లాభం పైసల్లో ఉంటుంది, ఉంచినందుకు వచ్చే నష్టం కోర్టు ఖర్చుల్లో ఉంటుంది. ఈ లెక్కలో నిజానికి చోటెక్కడ? బాధ్యత పెంచితే సైట్లు జాగ్రత్తగా ఉంటాయనేవాళ్లు జాగ్రత్త ఎవరి పట్ల అన్న ప్రశ్న వేసుకోవడం లేదు. నోటీసు పంపగలవాడి పట్ల జాగ్రత్తగా ఉంటాయి. నోటీసు పంపడానికి లాయరు కావాలి, లాయరుకు ఫీజు కావాలి. ఆ పైన 2021 ఫిబ్రవరి నియమాలు 50 లక్షలకు మించి వినియోగదారులున్న ప్రతి సోషల్ మీడియా సంస్థా ఒక ముఖ్య అనుపాలన అధికారిని ఈ దేశంలోనే నివసించేలా పెట్టాలన్నాయి. నియమం తప్పితే నేర విచారణకు జవాబుదారీ ఆయనే. మన మధ్య ఒక ఉద్యోగిని జామీను పెట్టించుకున్నట్టే ఇది. తన జైలుకీ ఊరివాళ్ల పోస్టుకీ మధ్య ఏదో ఒకటి ఎంచుకోమంటే ఏ ఉద్యోగి అయినా ఏది ఎంచుకుంటాడో చెప్పాలా?

టేకులపల్లిని ఊరికే ఉదాహరణకు తీసుకోలేదు. 2016 దాకా ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న మండలం ఇది. ఇల్లెందు ఎస్టీ నియోజకవర్గంలోది. కోయలు, లంబాడీలు ఎక్కువ. ఒకపక్క కోయగూడెం ఓపెన్‌కాస్టు బొగ్గు గని, ఇంకోపక్క రిజర్వు ఫారెస్టు, ఆ రెంటి నడుమ పోడు. ఇలాంటి చోట ఊరికి పట్టింపున్న ప్రతి విషయంలోనూ అవతలి పక్షం పెద్దదే. గని అయితే సింగరేణి, పోడు అయితే అటవీ శాఖ, పింఛను అయితే మండలాఫీసు. పత్రికలో జిల్లా పేజీకి ఒక మండలం వంతు వచ్చేది నాలుగు వార్తలు, అందులో రెండు నాయకుల పర్యటనలు. మిగతాదంతా నడిచేది వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబు ఛానళ్లలో. ఇవాళ మధ్యాహ్నం బ్లాస్టింగ్ ఉంది పశువులను అటు తోలకండి అన్న మెసేజ్, బోరు మోటారు కాలిపోయి నాలుగు రోజులైనా పట్టించుకోలేదన్న ఫిర్యాదు, బ్లాస్టింగుకు గోడ బీటలిచ్చిందని పెట్టిన ఫొటో, పోడు సర్వేలో పేరు ఎగిరిపోయిందని ఆఫీసరు సంతకంతో సహా పెట్టిన కాగితం, అన్నీ అక్కడే. వీటికి అడ్మిన్ ఎవరు? ఒకచోట మీసేవ నడిపేవాడు, ఒకచోట విలేకరి, ఒకచోట డిగ్రీ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు. ఆ బీటలిచ్చిన గోడ ఫొటో కింద ఎవరో కోపంలో కాంట్రాక్టరు పేరు రాసి దొంగ అన్నాడనుకుందాం. అడ్మిన్ ఏ రాత్రో పడుకున్నప్పుడు పడిన మెసేజ్ అది. పొద్దున్నే స్టేషన్ నుంచి ఫోనొస్తే ఆయనేం చేస్తాడు? ఆ ఒక్క మాటే తీసి గ్రూపు నడుపుతాడా? అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చేస్తాడు. ఆ రోజు నుంచి ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మలూ నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలూ మిగులుతాయి.

ఈ జిల్లాలోనే జరిగిన ఒక సంఘటన చూడండి. 2022 జనవరి మొదటి వారంలో పాల్వంచలో ఒక కుటుంబం ప్రాణాలు తీసుకుంది. చనిపోయే ముందు ఆ ఇంటి యజమాని తీసిన సెల్ఫీ వీడియో రెండు మూడు రోజుల్లో రాష్ట్రమంతా చూసింది. అందులో ఆయన అప్పటి కొత్తగూడెం ఎమ్మెల్యే కొడుకు పేరు చెప్పి తీవ్రమైన ఆరోపణలు చేశాడు. వీడియో బయటికొచ్చాక ఆ వ్యక్తిని పార్టీ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణల నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే. కానీ ఒక్కసారి ఆలోచించండి. అధికార పార్టీ ఎమ్మెల్యే ఇంటి మనిషి మీద, రుజువు కాని, ఘోరమైన ఆరోపణ ఉన్న ఆ వీడియోకు మోసిన ప్రతి వేదికా బాధ్యురాలని చట్టం అంటే, దాన్ని ఎన్ని గంటలు ఉంచేవారు? అటవీ వివాదాల్లోనూ ఇదే. 2019 జూన్ 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన అటవీ రేంజి అధికారిణిని కర్రలతో కొట్టిన వీడియో దేశమంతా చూసింది. దాడి చేసినవాళ్ల మీద చర్య తీసుకోక తప్పలేదు. 2022 జూలైలో మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంలో గుడిసెలు కూల్చి ఆదివాసీ ఆడవాళ్లను ఈడ్చిన వీడియోలూ అలాగే బయటికొచ్చాయి. మొదటి వీడియోలో ప్రభుత్వ ఉద్యోగి బాధితురాలు, రెండోదాంట్లో ప్రభుత్వమే నిందపడ్డ పక్షం. మోసినందుకు కేసు అన్న నియమం వస్తే మొదటిది నిలబడుతుంది, రెండోది పడిపోతుంది. తీసేయమని అడగగల పక్షం ఎవరన్నదే అక్కడ తూనిక.

ఇక ఎదుటివాళ్ల వాదనల్లో బలమైనవి కొన్ని ఉన్నాయి. మొదటిది పత్రిక పోలిక. పత్రికలో పడిన ప్రతి అక్షరానికీ సంపాదకుడిది బాధ్యత అని చట్టం అంటోంది కదా, పాఠకుల లేఖ అచ్చేసినా ఆయనే జవాబు చెప్పుకుంటాడు కదా, సైటు నడిపేవాడు మాత్రం ఏం దిగొచ్చాడని అడుగుతారు. దీనికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. సంపాదకుడు లేఖను చదివి, వంద లేఖల్లోంచి దాన్ని ఎంచి, దిద్ది, అచ్చుకు పంపుతాడు. ఎంపిక ఆయనది కాబట్టి బాధ్యత ఆయనది. పోస్టు పెట్టేవాడికీ చదివేవాడికీ మధ్య అలాంటి చెయ్యి ఏదీ అడ్డం రాకపోవడమే ఇక్కడున్న తేడా. ఆ చెయ్యి అడ్డం రావాలని చట్టం పట్టుబడితే రోజుకు కోట్లలో వచ్చే పోస్టులను మనుషులు చదవలేరు, యంత్రాలు చదువుతాయి. యంత్రానికి తెలుగు ఎంత వచ్చో తెలిసిన సంగతే. పాట బాగా పాడినవాణ్ని చింపేశాడంటాం, సినిమా బాగుంటే బాంబు పేలిందంటాం. కోయగూడెంలో బ్లాస్టింగ్ ఎన్ని గంటలకని అడిగితే అది పశువుల కాపరి ప్రశ్న. ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగు, తెలుగు అక్షరాల్లో రాసే లంబాడీ, కోయ మాటలు, వీటి మీద జల్లెడ పడితే ముందు జారిపోయేది ఎవరి మాటలో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది ప్రాణాల లెక్క. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు వాట్సాప్‌లో తిరిగి తెలంగాణలో అమాయకులు చచ్చిపోయారు. నిజామాబాదు జిల్లాలో, బీబీనగర్ దగ్గర, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో. ఆ జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. ఇంత జరిగాక కూడా వేదికకు బాధ్యత లేదంటారా అని నిలదీస్తారు. నిలదీయాల్సిందే. కానీ ఆ పుకారును ఆపింది ఏమిటో కూడా చూడాలి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను అప్పగించి, ఊరి గ్రూపుల్లో పోలీసులను చేర్పించి, డప్పు కళాకారులతో పాటలు కట్టించి ఊరూరా తిప్పారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. ఏ కంపెనీ మీదా కేసు పెట్టి సాధించింది కాదది. ఇంకో మార్పు వాట్సాప్ చేసింది. ఒక మెసేజ్‌ను ఒక్కసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా 2018 జూలైలో భారతదేశంలో కట్టడి పెట్టింది, తర్వాత దాన్ని ప్రపంచమంతా అమలు చేసింది. ప్రభుత్వం ఒత్తిడి తేకపోతే అది జరిగేది కాదన్నది నిజమే, ఆ ఒత్తిడి మంచిదే. అయితే ఆ కట్టడి ఎవరి మెసేజ్‌నూ చదవలేదు, ఏ రాతనూ తీసేయలేదు. మాట పరుగెత్తే వేగాన్ని తగ్గించింది. యంత్రం కట్టిన తీరుకు కంపెనీని నిలదీయడం వేరు, అందులోంచి పోయిన ప్రతి మాటకూ దాన్ని ముద్దాయిని చేయడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ చర్చ ఇంత గజిబిజి అయింది.

మూడోది నిజంగా జవాబు చెప్పడం కష్టమైనది. హైదరాబాదులోని ప్రజ్వల సంస్థ 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు అత్యాచార వీడియోలను జతచేసింది. సునీతా కృష్ణన్ నడిపే ఆ సంస్థ ఆ వీడియోల్లోని నేరస్తులను పట్టించాలని, అలాంటివి ఎక్కడికక్కడ ఆగిపోయే ఏర్పాటు కావాలని అడిగింది. కోర్టు దాన్ని తనంత తానుగా చేపట్టింది. ఆడపిల్లలు, పిల్లల మీద అఘాయిత్యాల వీడియోల గురించి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయగలిగే జాతీయ పోర్టల్ 2018లో రావడానికి ఆ కేసే దారి చేసింది. ఇలాంటి వీడియోకు కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా ఆగమని నేనూ అనను. నగ్నచిత్రమో అత్యాచార వీడియోనో తీసేయడానికి వాదప్రతివాదాలు అక్కర్లేదు, చూడగానే తెలుస్తుంది, దానివల్ల జరిగే కీడు గంటగంటకూ పెరుగుతుంది. 2021 నియమాలు బాధితురాలి ఫిర్యాదు మీద 24 గంటల్లో తీయాలన్నాయి, బాగుంది. ఒకే వీడియో మళ్లీ ఎక్కకుండా గుర్తుపట్టి ఆపే యంత్రాంగం పెట్టకపోతే జరిమానా వేయండి, అదీ బాగుంది. నా అభ్యంతరమల్లా ఆ అమ్మాయి కన్నీటిని ముందు నిలబెట్టి, దాని వెనకనుంచి కాంట్రాక్టరు పరువూ ఎమ్మెల్యే పరువూ ఫ్యాక్టరీ పరువూ అదే ద్వారంలో తోసేయడం మీద. అత్యాచార వీడియో ఒక జాతి, గోడ బీటల కింద దొంగ అన్న మాట ఇంకో జాతి. మొదటిదానికి వేసిన మందు రెండోదానికి వేస్తే రోగం తగ్గదు, రోగి నోరు పడిపోతుంది.

ఇంత సంపాదించే కంపెనీలకు ఏ బాధ్యతా వద్దా అంటారు. కావాలి, చాలా కావాలి. తను చేసిన పనికి. డబ్బు తీసుకుని వేసిన ప్రకటన కంపెనీ సొంత పని. ఎవరూ వెతకని వీడియోను ఎక్కువమంది చూస్తారని నీ ఫోనులోకి నెట్టడం దాని సొంత పని. మయన్మార్‌లో రోహింగ్యాల మీద ద్వేషం ఫేస్‌బుక్‌లో పెచ్చరిల్లుతున్నప్పుడు బర్మీ భాష చదివి చూసే పరిశీలకులు ఆ కంపెనీకి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. తగినంత చేయలేదని 2018లో ఫేస్‌బుక్కే ఒప్పుకుంది. భాష రానివాళ్లతో కోట్లమంది మార్కెట్ నడపడం కంపెనీ తప్పే. తెలుగు చదవగల ఫిర్యాదు అధికారి ఉన్నాడా, ఇచ్చిన ఫిర్యాదుకు మనిషి జవాబిచ్చాడా యంత్రం జవాబిచ్చిందా, తీసేసిన పోస్టు ఎందుకు తీసేశారో పెట్టినవాడికి చెప్పారా, తప్పుగా తీసేస్తే తిరిగి పెట్టే దారి ఉందా, ఇవన్నీ అడగాలి, తప్పితే దండించాలి. వీటిలో ఒక్కటి చేయడానికి కూడా 79వ సెక్షన్ అడ్డం రాదు. విచిత్రమేమిటంటే సైట్ల మెడకు ఉరి బిగించాలనేవాళ్లు ఈ చివరి రెండు ప్రశ్నల ఊసెత్తరు. తీసేయించడం మీద ఉన్న ఉత్సాహం తిరిగి పెట్టించడం మీద ఉండదు.

వీటన్నిటి కింద ఒక మాట దాగి ఉంది. రాసినవాణ్ని పట్టుకోలేకపోతున్నాం కాబట్టి మోసినవాణ్ని పట్టుకోక తప్పడం లేదని. ఇది ఎంతవరకు నిజం? 2013 మేలో అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్య మీద, చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ మీద ఫేస్‌బుక్‌లో రాశారని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ రాష్ట్ర అధ్యక్షురాలు జయా వింధ్యాలను హైదరాబాదు వచ్చి మరీ అరెస్టు చేశారు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ కింద ఇష్టారాజ్యంగా అరెస్టులు చేయొద్దు, పై అధికారి అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు ఆ రోజుల్లోనే చెప్పాల్సి వచ్చింది. రెండేళ్లకు ఆ సెక్షన్నే కొట్టేసింది. సెక్షన్ పోయినా అలవాటు పోలేదు. 2020 మేలో విశాఖ ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకు మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిందని గుంటూరులో 66 ఏళ్ల మహిళకు సీఐడీ నోటీసులిచ్చింది. 2025 మార్చిలో ముఖ్యమంత్రిని తిట్టిన ఒక రైతు వీడియో ప్రసారం చేసినందుకు హైదరాబాదులో ఇద్దరు మహిళా జర్నలిస్టులు అరెస్టయ్యారు. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ట్వీట్ల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, సోషల్ మీడియా రాతల మీద ఎఫ్ఐఆర్ కట్టేముందు ప్రాథమిక విచారణ చేయాలని, రాజకీయ విమర్శకు అరెస్టులు చేయొద్దని పోలీసులకు మార్గదర్శకాలు రాసి ఇవ్వాల్సి వచ్చింది. రాసినవాడు దొరకడం లేదన్నది అధికారం ఉన్నవాళ్ల విషయంలో ఎన్నడూ నిజం కాలేదు. దొరకనిది ఆ మార్ఫింగ్ ఫొటో పెట్టినవాడు. వాణ్ని వెతకడానికి జిల్లా సైబర్ స్టేషన్లో మనుషులు కావాలి, ఫోరెన్సిక్ పరికరాలు కావాలి, కంపెనీ దగ్గర్నుంచి వివరాలు తెప్పించుకోవడానికి పట్టుదల కావాలి. అది ఖర్చుతో కూడిన పని. సైటు మీద కేసు పెట్టడానికి ఖర్చు లేదు.

గ్రూపు అడ్మిన్ల సంగతిలో కోర్టులు ఇప్పటికే చాలావరకు స్పష్టంగా చెప్పాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు, 2021 మార్చిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ జవాబుదారీ కాదు, ఇద్దరూ కలిసి ముందే పన్నాగం పన్నారని చూపిస్తే తప్ప. సభ్యుణ్ని చేర్చడం, తీసేయడం మించి అడ్మిన్‌కు ఉన్న అధికారం ఏమీ లేదని, ఒకరి నేరానికి ఇంకొకరిని శిక్షించాలంటే చట్టంలో అలాగని రాసి ఉండాలని కేరళ కోర్టు చెప్పింది. అలా రాసి లేదు. అయినా ఎన్నికలు రాగానే, వినాయక చవితో మరో పండగో రాగానే, గ్రూపుల్లో ఏం పడినా అడ్మిన్లదే పూర్తి బాధ్యత అన్న హెచ్చరికలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఠాణాల నుంచి వస్తూనే ఉంటాయి. పత్రికలు వాటిని ఉన్నదున్నట్టు అచ్చేస్తాయి. అది చూసి అడ్మిన్లు గ్రూపులకు తాళాలేస్తారు. అచ్చేసే ముందు ఏ సెక్షన్ కింద బాధ్యత అని ఆ అధికారిని విలేకరి అడిగితే చాలు. ఆ సెక్షన్ నంబరు కూడా వార్తలోనే వేయండి, ఉంటే.